అంతా శుక్రవారం మీదే

గోల్ఫర్ భార్య అనగానే చాలామందికి టీవీలో చూసిన ఒకే దృశ్యం గుర్తొస్తుంది. ఆదివారం సాయంత్రం పద్దెనిమిదో గ్రీన్ పక్క నుంచి ఒకామె చంటిపిల్లని చంకనేసుకుని వెళ్ళి, గెలిచిన భర్తని వాటేసుకుంటుంది. చప్పట్లు, ఫొటోలు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అలాంటి ఆదివారం వారానికి ఒక్క ఇంటికే వస్తుంది. మిగతావాళ్ళలో సగానికి పైగా శుక్రవారం రాత్రికే పెట్టెలు సర్దేసుకుంటారు.

మా ఆయన గోల్ఫర్, అమెరికాలో మగవాళ్ళు ఆడే పెద్ద మెట్టు పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో తనకి 2025 మొదటి సంవత్సరం. ఆ ఏడాది చాలా భాగం నేను వెంటే తిరిగాను. ఎవరు అడిగినా "బాగా తిరుగుతున్నారుగా" అనేవారు. తిరిగాం. ఎయిర్‌పోర్టు, హోటలు, గోల్ఫ్ కోర్సు, మళ్ళీ ఎయిర్‌పోర్టు. ఏ ఊళ్ళో ఏం చూశావని అడిగితే మాత్రం పార్కింగ్ స్థలాల గురించి చెప్పగలను.

ముందు కార్డు సంగతి, అంటే టూర్‌లో ఆడే హక్కు సంగతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. 2024లో కార్న్ ఫెర్రీ టూర్‌లో, అంటే కింది మెట్టు టూర్‌లో, ఏడాది పొడుగునా ఆడి మొదటి 30 మందిలో నిలిచినవాళ్ళకి పీజీఏ టూర్ కార్డు వచ్చింది. యూరప్ వాళ్ళ డీపీ వరల్డ్ టూర్ నుంచి మరో పదిమంది వచ్చారు. డిసెంబరులో క్యూ స్కూల్, అంటే అర్హత పోటీ, గట్టెక్కి ఇంకొందరు వచ్చారు. కార్డు ఉంటే ప్రతి వారం ఆడొచ్చు అనుకుంటారు బయటివాళ్ళు. నిజానికి కార్డు అంటే వరుసలో ఒక చోటు, అంతే. టోర్నమెంట్లు గెలిచినవాళ్ళు, కిందటేడు పైన నిలిచినవాళ్ళు అందరూ పేర్లు ఇచ్చాక చోటు మిగిలితే కొత్తవాళ్ళ వంతు వస్తుంది. ఆ కొత్తవాళ్ళ వరుసని కూడా సీజన్ మధ్యలో పాయింట్లని బట్టి తిరగేస్తారు. మొదటి కొన్ని వారాలు బాగా ఆడినవాడు పైకి పోతాడు, ఆడనివాడు కిందికి జారతాడు. ఆడితేనే పాయింట్లు, పాయింట్లుంటేనే ఆట.

వీటికి తోడు సిగ్నేచర్ ఈవెంట్లని 2025లో ఎనిమిది ఉన్నాయి. డెబ్బై, ఎనభై మందితో ఆడేవి, డబ్బు ఎక్కువుండేవి. బాగా ఫామ్‌లో ఉన్న ఒకరిద్దరికి తప్ప రూకీలకి, అంటే మొదటి ఏడాదివాళ్ళకి, వాటిలో చోటు ఉండదు. ఆ వారాలు మాకు సెలవు, జీతం లేని సెలవు.

అసలు ఏ వారమూ జీతం లేదు. టూర్ ఆటగాడు ఎవరికీ ఉద్యోగి కాడు, సొంత వ్యాపారం చేసుకునేవాడి కింద లెక్క. విమానం, హోటలు, తిండి, కోచ్, బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీకి వారానికింత అని ఇచ్చేది, అంతా మన జేబులోంచే. క్యాడీకి దాని పైన గెలుచుకున్నదాంట్లో వాటా ఉంటుంది. మామూలుగా కట్, అంటే శుక్రవారం వడపోత, దాటితే ఐదు శాతం, మొదటి పదిలో ఉంటే ఏడు, గెలిస్తే పది. టోర్నమెంట్ గెలిచినవాడికి మామూలుగా మొత్తం బహుమతి సొమ్ములో 18 శాతం పోతుంది. 2025లో హవాయీలోని హోనలూలులో సోనీ ఓపెన్ సొమ్ము 87 లక్షల డాలర్లు, గెలిచినవాడికి 15 లక్షల 66 వేలు. అదే టోర్నమెంట్‌లో 65వ స్థానంలో ఉన్నవాడికి దక్కేది ఒక శాతంలో ఐదో వంతుకి కాస్త పైన, అంటే 18 వేల చిల్లర. కట్ దాటనివాడికి సున్నా.

కొత్తవాళ్ళకి ఒక ఊరట ఉంది. 2022లో టూర్ ప్రకటించిన పథకం ప్రకారం పూర్తి కార్డు ఉన్నవాడు ఏడాదిలో 15 టోర్నమెంట్లు ఆడితే కనీసం ఐదు లక్షల డాలర్లు వచ్చేలా చూస్తారు, రూకీలకి ఆ సొమ్ము ముందే ఇస్తారు. తర్వాత గెలుచుకున్నదాంట్లో అది జమ అవుతుంది. ఈ పథకం లేని రోజుల్లో కొత్త జంటలు క్రెడిట్ కార్డుల మీద సీజన్ నెట్టుకొచ్చేవారని పాత ఆటగాళ్ళ భార్యలు చెప్పారు. ఆ మాట విన్నాక ఐదు లక్షల గురించి సణగడం మానేశాను. ఖర్చులు, పన్నులు పోగా మిగిలేది బయట అనుకునేంత మాత్రం కాదు.

ఇక శుక్రవారం. గురువారం, శుక్రవారం రోజుకి 18 చొప్పున 36 హోల్స్ ఆడాక మొదటి 65 మందినీ, 65వ వాడితో సమానంగా ఉన్నవాళ్ళనీ ఉంచి, మిగతావాళ్ళని పంపించేస్తారు. అది కట్. వచ్చే వారం టోర్నమెంట్‌కి పేరు ఇవ్వడానికి గడువు కూడా శుక్రవారమే, అమెరికా తూర్పు తీరం టైము ప్రకారం సాయంత్రం ఐదు. పేరు ఇవ్వాలన్నా, ఇచ్చిన పేరు తీసేసుకోవాలన్నా ఆ లోపే. హోనలూలులో జనవరిలో అది మధ్యాహ్నం పన్నెండు. అంటే ఈ వారం ఉంటామో లేదో తెలియక ముందే వచ్చే వారం ఎక్కడ ఉంటామో చెప్పాలి. పోనీ చెప్పినా, చోటు దొరుకుతుందో లేదో గడువు దాటాక గానీ తెలియదు. నా ఫోన్‌లో ఎప్పుడు చూసినా ఒకే రాత్రికి రెండు ఊళ్ళలో హోటల్ గదులు ఉండేవి. రద్దు చేసుకునే వీలు లేని గది ఎంత చవకైనా తీసుకోలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరనే అనుకుంటాను.

హోనలూలులో వయాలే కంట్రీ క్లబ్‌లో మొదటి టోర్నమెంట్. అక్కడ నాకు మొదట తెలిసినదేమిటంటే, తాడు. హోల్ పొడుగునా తాడు కట్టి ఉంటుంది. లోపల ఆటగాడు, క్యాడీ. బయట జనం. భార్య కూడా జనమే. మెడలో కుటుంబ సభ్యుల బ్యాడ్జీ ఉంటే క్లబ్‌హౌస్‌లో భోజనానికి రానిస్తారు గానీ తాడు మాత్రం దాటనివ్వరు. అందుకని మా వాళ్ళు కొట్టబోయే చోటుకంటే ముందుకి, బంతి పడే చోటుకి నడిచి వెళ్ళి నిలబడడం అలవాటైంది. పద్దెనిమిది హోల్స్‌కి రోజూ ఏడెనిమిది కిలోమీటర్ల నడక. మా ఆయనకి నేను కనిపించాలి, మొహం మాత్రం కనిపించకూడదు. బంతి నీళ్ళలో పడ్డప్పుడు నా మొహం చూస్తే తనకి ఇంకో షాట్ పోతుందని తనే చెప్పాడు. ఆ ఏడాదిలో నేను కొన్న వాటిలో ఎక్కువ పని చేసింది ఒక పెద్ద అంచు టోపీ, ఒక నల్ల కళ్ళద్దాల జత.

రూకీలకి టీ టైములు, అంటే ఆట మొదలుపెట్టే వేళలు, కూడా తీసివేతల లెక్కే. పేరున్నవాళ్ళకి మధ్యలో మంచి వేళలు, కొత్తవాళ్ళకి ఆ చివరా ఈ చివరా. గురువారం మధ్యాహ్నం గ్రూపుల్లో ఆఖరిదాంట్లో ఆడితే గాలి లేస్తుంది, గ్రీన్ల మీద అంతకుముందు ఆడినవాళ్ళ అడుగుల గుర్తులు ఉంటాయి, చివరికి చీకటి పడి ఒక హోల్ మిగిలిపోతుంది. ఆ ఒక్క హోల్ కోసం మర్నాడు తెల్లవారుజామున లేవాలి. టీవీ వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు.

ఒకరోజు ఒక టీ దగ్గర నా పక్కన ఇద్దరు మగవాళ్ళు గ్రూపుల కాగితం చూసుకుంటున్నారు. ఒకాయన మా వాళ్ళ గ్రూపు పేర్లు చదివి, "వీళ్ళెవరు? ఎప్పుడైనా విన్నావా?" అన్నాడు. రెండోవాడు కాగితం మడిచి, "వీళ్ళు పోనీ, వెనకాల గ్రూపు చూద్దాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన డ్రైవ్, అంటే హోల్‌లో మొదటి పొడుగు దెబ్బ, కొట్టాడు, కత్తిరించిన గడ్డి దారి అయిన ఫెయిర్‌వే నడిమధ్యకి. మొదటాయన నిజాయితీపరుడే, "బానే కొట్టాడే" అన్నాడు. నేను నోరు విప్పలేదు. రెండు హోల్స్ దాకా నాలో నేనే నవ్వుకున్నాను.

నోరు విప్పకపోవడం అక్కడ మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. 10.2 నియమం ప్రకారం ఆటగాడు తన క్యాడీ నుంచి తప్ప ఎవరి దగ్గరా సలహా అడగకూడదు. ముందు గ్రూపులో ఎవరు ఏ క్లబ్‌తో కొట్టారో నాకు తెలిసి ఉండొచ్చు, తను అడిగి తెలుసుకుంటే రెండు స్ట్రోకుల శిక్ష. మంచినీళ్ళ సీసా అందించవచ్చు. బంతి ఎక్కడ పడిందో చెప్పవచ్చు, అది సలహా కిందికి రాదు. ఈ తేడా నేను బట్టీ పట్టాను, ఎందుకంటే ఒక మధ్యాహ్నం అది నాకు పనికొచ్చింది.

ఆ రోజు బంతి కుడివైపు గట్టుకి తగిలి గడ్డిలోకి పోయింది. ఆ గడ్డి మడమ దాటి ఉంది. బంతి వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే, అంతకుముందు ఐదు ఉండేవి. జనాన్నీ బంతుల్నీ చూసుకునే మార్షల్ జెండా పట్టుకుని పది గజాల అవతల వెతుకుతున్నాడు. నేను బంతి మొదటిసారి ఎగిరిన చోటు చూశాను, రెండోసారి పడ్డ చోటు చూడలేదు. తాడు ఇవతల నుంచి "ఇంకా ఎడమకి, ఇంకా" అని అరుస్తున్నాను. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో గడ్డి పాయలు తీస్తున్నాడు. తోటి ఆటగాళ్ళిద్దరూ, వాళ్ళ క్యాడీలూ వచ్చి వంగారు. పోటీలో ఉన్నవాళ్ళే ఒకరి బంతి ఒకరు వెతికి పెట్టడం ఈ ఆటలో నాకు బాగా నచ్చిన సంగతి. బంతి చివరికి ఒక ప్రేక్షకుడి మడత కుర్చీ కాలి పక్కనే దొరికింది. ఆయన దాని మీదే కూర్చుని అందరితో పాటు వెతుకుతున్నాడు.

క్యాలిఫోర్నియా ఎడారిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ టోర్నమెంట్ మూడు కోర్సుల మీద ఆడతారు, కాబట్టి కట్ 54 హోల్స్ తర్వాత శనివారం. ఆ వారం శుక్రవారం హాయిగా గడిచింది. దాని తర్వాతది శాన్ డియెగోలోని టోరీ పైన్స్‌లో, బుధవారం మొదలై శనివారంతో ముగిసింది. అక్కడ కట్ గురువారమే వచ్చేసింది. ఏ రోజు ఏ వారమో మర్చిపోవడానికి ఈ రెండు టోర్నమెంట్లు చాలు.

ఆ తర్వాత ఫీనిక్స్. శీతాకాలంలో పగటి వెలుతురు తక్కువ కాబట్టి ఆ ఏడాది 156 మంది బదులు 132 మందితోనే ఆడారు. మా ఆయన పేరు ఆల్టర్నేట్ల జాబితాలో పడింది, అంటే ఎవరైనా మానుకుంటే ఆ చోటు. ఆల్టర్నేట్ అక్కడే ఉండాలి. గురువారం తెల్లారకముందే వెళ్ళి సాధన చేసే రేంజ్‌లో వార్మప్ చేసి, షూ లేసులు కట్టుకుని, ఎవరికో నడుము పట్టేయాలని, అలా అనుకోకూడదని తెలిసీ అనుకుంటూ కూర్చోవాలి. ప్రతి పది నిమిషాలకీ ఒక గ్రూపు వెళ్తుంది. ప్రతి గ్రూపులో ముగ్గురూ నిక్షేపంగా ఉంటారు. నేను కారులో పెట్టెలతో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఆఖరి టీ టైము దాటాక మా ఆయన వచ్చి, పక్క సీట్లో కూర్చుని, తిన్నగా షూ విప్పుకున్నాడు. బంతి ఒక్కటీ కొట్టకుండా అంత అలిసిపోయిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

తెలుగువాళ్ళకి గోల్ఫ్ అంటే తెలుగు మూలాలున్న అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగల గుర్తొస్తాడు కదా. 2022లో రూకీగా ఉన్నప్పుడు అతను కూడా ఈ ఫీనిక్స్ టోర్నమెంట్‌లోకి సొంత వరుస మీద రాలేదు, నిర్వాహకులు ఇచ్చిన ఆహ్వానం మీద వచ్చాడు. వచ్చి, ఆదివారం దాకా ముందు నడిచి, 17వ హోల్‌లో బంతి దొర్లి నీళ్ళలో పడడంతో ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్, అంటే సమానంగా ముగించినవాళ్ళ మధ్య గెలుపు తేల్చే ఆట, తప్పిపోయింది. ఆట అయ్యాక తల్లిదండ్రుల దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 2023లో క్యాలిఫోర్నియాలోని నాపాలో మొదటి టైటిల్ కొట్టాడు. టూర్ భార్యల మధ్య అతని పేరు వచ్చినప్పుడు గెలుపు కంటే ఆ ఫీనిక్స్ ఆదివారమే ఎక్కువ తలుచుకుంటారు. ఎందుకో నాకు అర్థమవుతుంది.

మార్చిలో ఫ్లోరిడాలో ఒక శుక్రవారం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మా ఆయన పొద్దున్నే ఆడి మైనస్ రెండు దగ్గర ముగించాడు, అంటే పార్ అనే లెక్కకట్టిన స్ట్రోకుల కంటే రెండు తక్కువ. గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మంచిది. కట్ మైనస్ రెండు మీద ఊగుతోంది. ఊగడం అంటే ఇలా: మైనస్ మూడు దగ్గర గానీ, అంతకన్నా మెరుగ్గా గానీ 65 మంది చేరారంటే మైనస్ రెండు దగ్గరున్నవాళ్ళందరూ ఒక్క దెబ్బకి బయటికి. చేరకపోతే అందరూ లోపలికే. మధ్యాహ్నం ఆడేవాళ్ళు ఇంకా కోర్సు మీద ఉన్నారు. ఆరు గంటలు ఎదురు చూడాలి.

మా ఆయన హోటల్ గదిలో పడుకున్నాడు, నిద్రపోలేదని ఇద్దరికీ తెలుసు. నేను కింద లాండ్రీ గదికి వెళ్ళాను. ప్యాంటు జేబులన్నీ చూడడం నా మొదటి పని. చెక్క టీలు, బంతి గుర్తు పెట్టుకునే బిళ్ళ, పొట్టి పెన్సిలు, వెనక జేబులో చెమటకి ఉబ్బిన యార్డేజ్ పుస్తకం. దాన్ని తెరిచి ఆరబెట్టాను. ఒక్కో హోల్ బొమ్మ మీద క్యాడీ చేతిరాతలో అంకెలు, బాణాలు. ఆ వారం గాలి అంతా ఆ పేజీల్లో ఉంది. గ్లవ్‌ని మెషిన్‌లో వెయ్యకూడదు, విడిగా నీడలో ఆరెయ్యాలి. గ్లవ్ వల్ల మా ఆయన ఎడమ చెయ్యి మణికట్టు నుంచి తెల్లగా ఉంటుంది, కుడి చెయ్యి ముదురుగా. టూర్‌లో మగవాళ్ళ చేతులు చూస్తే చాలు, ఎవరు ఆటగాడో ఎవరు క్యాడీయో తెలిసిపోతుంది.

మెషిన్ తిరుగుతుంటే ఫోన్‌లో స్కోర్లు. మైనస్ మూడు దగ్గర 61 మంది. ఒకడు బోగీ, అంటే ఒక హోల్‌లో పార్ కంటే ఒకటి ఎక్కువ, 60. ఇద్దరు బర్డీ, అంటే ఒకటి తక్కువ, 62. చివరి గంటలో 64 అయ్యింది. ఆఖరి గ్రూపులో ఒకడు మైనస్ రెండు దగ్గర పద్దెనిమిదో గ్రీన్ మీద ఉన్నాడు, బర్డీ పట్, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ, ముందుంది. అది పడితే 65. అతనికి అది పడినా పడకపోయినా ఒకటే, ఎటూ లోపలే. పడితే మాత్రం మాతో పాటు ఇంకో డజను మంది ఇళ్ళకి పోతారు. ఆ సంగతి అతనికి తెలిసి ఉండదు. యాప్‌లో చుక్క కదలలేదు, కదలలేదు, తర్వాత అంచు పక్కన ఆగింది. నేను పైకి వెళ్ళి తలుపు తీసేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఫోన్ చేతిలోనే. "తెల్లవారుజామున లేవాలి" అన్నాడు. కట్ గీత మీద ఉన్నవాళ్ళే శనివారం అందరికంటే ముందు ఆడతారు.

మర్నాడు భోజనాల దగ్గర ఆ ఆఖరి గ్రూపు ఆటగాడి భార్య కనిపించింది. వాళ్ళాయన ఆ పట్ తప్పినందుకు చాలా చిరాకు పడ్డాడని చెప్పింది. నేను ఆమె ప్లేట్‌లో ఇంకో కేకు ముక్క వేశాను.

ఈ భార్యల లోకం గురించి వచ్చే ముందు నాకు కొంత బెరుకు ఉండేది. పీజీఏ టూర్ భార్యల సంఘం 1988 నుంచి ఉంది, టోర్నమెంట్ జరిగే ఊళ్ళలో పిల్లల కోసం, కుటుంబాల కోసం సేవా కార్యక్రమాలు చేస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు పుస్తకాలు సంచుల్లో సర్దే పని. నా ఎదురుగా కూర్చున్నావిడ భర్త పేరు చిన్నప్పటి నుంచి మా ఆయన గదిలో పోస్టరుగా ఉన్నదే. ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ మంచి లాండ్రీ ఎక్కడుందో తెలుసా?" డబ్బులో తేడా ఉంది, లేదనను. కొందరు సొంత విమానాల్లో వస్తారు, మేం రెండు విమానాలు మారి వస్తాం. అయినా కట్ తప్పిన రాత్రి మాట్లాడేటప్పుడు ఆ తేడా నాకు కనబడలేదు. చిన్నపిల్లలున్నవాళ్ళకి టూర్‌తో పాటు ఊరూరా తిరిగే శిశు సంరక్షణ కేంద్రం ఉంది. నెలల పిల్లలు వారం వారం అదే టీచర్ల దగ్గరికి, వేరే ఊళ్ళో వెళ్తారు. మాకు పిల్లల్లేరు గానీ, ఆ ఏర్పాటు లేకపోతే చాలామంది తల్లులు ఇంట్లోనే ఉండిపోయేవారు.

పెద్దావిడ ఒకామె నాకు ఒక్క సలహా ఇచ్చింది: అతను తినేదాకా రౌండ్ గురించి అడగొద్దు. పాటించాను. కారులో కోర్సు నుంచి హోటల్‌కి వెళ్ళే ఇరవై నిమిషాలు మాటలుండవు. మొదట్లో ఆ నిశ్శబ్దాన్ని నా మీద కోపం అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి తెలిసింది, తను అప్పుడు కారులో ఉండడు, పదకొండో హోల్ ఇసుక బంకర్‌లో ఉంటాడు. తిన్నాక తనే మొదలుపెట్టి ప్రతి షాటూ చెప్తాడు. అన్నీ నేను చూసినవే. అయినా వింటాను, తను చెప్పేదీ నేను చూసిందీ చాలాసార్లు వేరే ఆటలా ఉంటాయి.

నాకూ ఒక ఉద్యోగం ఉంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంటి నుంచి చేసుకోవచ్చు కాబట్టే తిరగగలిగాను. హవాయీలో ఉన్నప్పుడు తూర్పు తీరం ఆఫీసు పొద్దున తొమ్మిది గంటల మీటింగ్ నాకు తెల్లవారుజాము నాలుగు. మా మేనేజరు మంచివాడే, కానీ మూడో నెలకి "ఈ వారం ఏ టైములో ఉన్నారు?" అన్న ప్రశ్న హాస్యంగా వినిపించడం ఆగిపోయింది. మేలో నేను ఒక నిర్ణయం తీసుకున్నాను: ఏ టోర్నమెంట్‌కి వస్తానో నెల ముందే చెప్తాను, అతను కట్ దాటినా దాటకపోయినా అది మారదు. కట్ దాటితే వెంటనే విమానం ఎక్కి రావడం, తప్పితే టికెట్ మార్చుకోవడం, రెండూ మానేశాను. మా ఆయనకి మొదట నచ్చలేదు. ఒక ఆదివారం తను చాలా బాగా ఆడాడు, నేను లేను. ఇంట్లో టీవీలో చూశాను, అది కూడా మూడు షాట్లు చూపించారు. దాని గురించి మేం పోట్లాడుకున్నాం కూడా. ఆ నిర్ణయం సరైనదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

వేసవి తొందరగా గడిచింది. న్యూ ఆర్లీన్స్‌లో ఇద్దరిద్దరు జట్టుగా ఆడే జూరిక్ క్లాసిక్ ఒక్కటే ఏడాదిలో మా ఆయన నవ్వుతూ ఆడిన వారం. తప్పు కొట్టినా పక్కన తిట్టుకోవడానికి ఇంకొకడున్నాడు. స్కాటిష్ ఓపెన్, ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగిన వారాల్లో పెద్దవాళ్ళంతా అటు వెళ్తే, కొత్తవాళ్ళు కెంటకీలోనూ, క్యాలిఫోర్నియా కొండల్లోనూ ఆడారు. ఆ కొండల్లోని బరాకుడా టోర్నమెంట్‌లో స్ట్రోకుల లెక్క కాదు, పాయింట్లు: బర్డీకి రెండు, పార్ కంటే రెండు తక్కువైన ఈగిల్‌కి ఐదు, బోగీకి ఒకటి తీసేశారు. ఎప్పుడూ తీసివేతే చూసిన నాకు ఆ కూడిక చాలా నచ్చింది.

పన్నుల గురించి ఒక మాట. ఏ రాష్ట్రంలో గెలుచుకున్న డబ్బుకి ఆ రాష్ట్రం పన్ను అడుగుతుంది. ఫ్లోరిడా, టెక్సస్, టెనెసీ లాంటి చోట్ల ఆదాయపు పన్ను లేదు, క్యాలిఫోర్నియాలో బాగానే ఉంది. ప్రతి మూడు నెలలకీ ముందస్తు పన్ను కట్టాలి. రసీదులు రాష్ట్రాల వారీగా కవర్లలో పెట్టడం మొదటి వారం నుంచే చేశాను. కొత్తగా వచ్చే జంట ఎవరైనా అడిగితే మొదట చెప్పేది ఇదే, మిగతావన్నీ తర్వాత.

ఆగస్టులో విండమ్ ఛాంపియన్‌షిప్‌తో మామూలు సీజన్ అయిపోయింది. మొదటి 70 మంది ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ ముగింపు పోటీలకి, వెళ్ళారు. మా ఆయన అందులో లేడు. మిగతావాళ్ళకి శరదృతువులో ఏడు టోర్నమెంట్లు, నవంబరులో సీ ఐలాండ్‌లో ఆరెస్సెం క్లాసిక్‌తో ఆఖరు. అంతకుముందు ఏడాది దాకా మొదటి 125 మందికి కార్డు నిలిచేది. సరిగ్గా మా మొదటి ఏడాదికే దాన్ని 100 చేశారు. 101 నుంచి 125 దాకా ఉన్నవాళ్ళకి షరతులతో కూడిన హోదా, అంటే వరుసలో ఇంకా వెనక. కార్న్ ఫెర్రీ నుంచి వచ్చే కార్డులు కూడా 30 నుంచి 20కి తగ్గాయి, 2026లో ఫీల్డులు, అంటే ఒక్కో టోర్నమెంట్‌లో ఆడేవాళ్ళ సంఖ్య, కూడా చిన్నవయ్యాయి. టీవీలో చూసేవాళ్ళకి ఆట వేగంగా సాగుతుందని చెప్పారు. నిజమే కావచ్చు. తగ్గించినవాళ్ళు మాత్రం మా వైపు నుంచే తగ్గించారు.

సీ ఐలాండ్‌లో ఆ వారం క్లబ్‌హౌస్ భోజనాల గదిలో ఎవరూ అంకెలు మాట్లాడుకోలేదు. అందరికీ అందరి స్థానాలూ తెలుసు. 99లో ఉన్నావిడ, 103లో ఉన్నావిడ ఒకే బల్ల దగ్గర కూర్చుని వంటల గురించి మాట్లాడుకున్నారు. మా ఆయన వంద దాటాక ఆగాడు, చాలా దూరంలో కాదు. శుక్రవారం కట్ దాటాడు, ఆదివారం బాగానే ఆడాడు, సరిపోలేదు.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. చోటు దొరికినప్పుడు పీజీఏ టూర్, దొరకనప్పుడు కార్న్ ఫెర్రీ. నేను పూర్తి కాలం ఉద్యోగానికి తిరిగి వెళ్ళాను, నెలకి ఒక టోర్నమెంట్‌కి వెళ్తాను, ఏదన్నది ముందే రాసి పెట్టుకుంటాం. శుక్రవారం సాయంత్రం నేనున్నది ఎక్కడైనా ఆరింటికి ఈతకి వెళ్తాను, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. బయటికి వచ్చేసరికి కట్ తేలిపోయి ఉంటుంది. తను తింటూ ఉంటాడు కాబట్టి వెంటనే ఫోన్ చెయ్యను. హోటల్ గదులు మాత్రం ఇంకా రెండేసి ఊళ్ళలో తీసుకుంటున్నాను, రద్దు చేసుకునే వీలున్నవే.